నాన్నకి గడ్డం గీసిన అన్నయ్యకి

నిన్నటితో నాన్న పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు మధ్యాహ్నం బస్సులకే వెళ్ళిపోయారు. గుండిగలూ కుర్చీలూ సామాన్ల వాళ్ళు సాయంత్రం పట్టుకెళ్ళారు. ఇల్లు ఒక్కసారిగా బోసిపోయింది. మూడు వారాలుగా సరైన నిద్ర లేదు, ఇప్పుడు పడుకుందామన్నా కన్ను మూతపడటం లేదు. చెప్పుకోవాల్సిన వాళ్ళకి చెప్పేస్తే పడుతుందేమోనని కూర్చుని రాస్తున్నాను. ఎవరినైనా మర్చిపోతే క్షమించండి.

మా నాన్న 1974లో కానిస్టేబుల్‌గా చేరి 2010లో ఏఎస్సైగా రిటైరయ్యారు. ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో, మా వీధి పిల్లల్లో ఒడియా వాళ్ళు ఆయన్ని ‘పోలీస్ అజా’ అనేవారు, తెలుగు వాళ్ళు ‘పోలీసు తాత’ అనేవారు. రెండింటికీ పలికేవారు. ఆయన గురించి చాలా రాయాలి. కానీ ముందు ఒక మనిషికి దణ్ణం పెట్టుకోవాలి.

గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటే నాన్నని విశాఖపట్నం తీసుకెళ్ళాం. పదకొండు రోజులు ఉన్నాం. నాన్న రోజూ పొద్దున్నే గడ్డం గీసుకునే మనిషి. జ్వరమొచ్చినా, పండగైనా, రిటైరైన మర్నాడైనా ఆ పని తప్పలేదు. కిటికీ చువ్వకి చిన్న అద్దం వేలాడదీసి, స్టీలు గ్లాసులో వేడినీళ్ళు పోసుకుని కూర్చునేవారు. మీసం చివర్లు కత్తెరతో సమం చేసుకుంటే గానీ కాఫీ ముట్టేవారు కాదు. ఆసుపత్రిలో ఆ గడ్డం తెల్లగా పెరిగిపోయింది. మాటిమాటికీ చేత్తో తడుముకునేవారు. నేను చూశాను. చూసి కూడా, దురద పెడుతోందేమో అనుకుని పౌడరు రాశాను. నా ధ్యాసంతా ఆక్సిజన్ అంకె మీద, మందుల చీటీల మీద, ఎవరికి ఎంత కట్టాలన్న దాని మీద ఉంది.

ఆదివారం మా అబ్బాయిని చూపించడానికి తీసుకొస్తామని నాన్నకి శనివారం చెప్పాం. ఆ రాత్రి నేను మంచం పక్కన కింద దుప్పటి పరుచుకుని ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. తెల్లవారుజామున నీళ్ళ చప్పుడుకి మెలకువొచ్చింది. చూస్తే పక్క మంచం ముసలమ్మ కొడుకు, నాన్న తల దగ్గర నిలబడి గడ్డం గీస్తున్నాడు.

ఆయన టెక్కలి వైపు తాపీమేస్త్రీ. అంతకుముందు మేము మాట్లాడుకున్నది నాలుగు ముక్కలు కూడా ఉండదు. ఒక చెయ్యి నాన్న గవద కింద పెట్టి తల కదలకుండా పట్టుకున్నాడు. సిమెంటుకి పగిలిపోయిన వేళ్ళు అవి. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం అడ్డం వస్తుంటే చిటికెన వేలితో కాస్త ఎత్తి, దాని కింద రెండు గీతలు గీసి, మళ్ళీ మెల్లిగా యథాస్థానంలో పెట్టాడు. గీత గీతకీ రేజరు గ్లాసులో ముంచి కడుగుతున్నాడు. తువ్వాలు నాన్న మెడచుట్టూ ఎంత శ్రద్ధగా చుట్టాడంటే, చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆసుపత్రికి వచ్చాక ఆ ముఖం అంత నెమ్మదిగా ఉండటం నేను చూడలేదు.

నేను గబుక్కున లేవబోతే, ‘పడుకోమ్మా, లేపొద్దన్నారు బాబు’ అన్నాడు. ‘ఇయ్యాల మనవడొత్తాడంట. గెడ్డం గుచ్చుకుంటే దగ్గిరికి రాడంట. రేతిరి సెప్పినారు.’

అదండీ సంగతి. కన్నకూతురు కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది. నన్ను లేపడానికి మనసొప్పక, పేరు కూడా తెలియని మనిషిని అడిగారు. ఆయన రాత్రి పదకొండింటికి బయటికెళ్ళి కొత్త రేజరు, చిన్న సబ్బుబిళ్ళ కొని ఉంచుకుని, తెల్లారగట్ట టీ కొట్టు వాళ్ళని అడిగి వేడినీళ్ళు తెచ్చాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ‘గోడలే నున్నగా సేత్తాం, ఇదో పనేటమ్మా’ అన్నాడు. అంతే, నేను బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చాను. డాక్టర్లు ఆశ లేదన్నప్పుడు కూడా అలా ఏడవలేదు.

ఆ రోజే మావాడు వచ్చాడు. మంచం ఎక్కి తాత బుగ్గకి బుగ్గ ఆనించి కూర్చున్నాడు. రోజూ బడికి వెళ్ళేముందు వాడు చేసేది అదే. తాత గడ్డం సరిగ్గా గీసుకున్నాడో లేదో చూసి, ‘పాస్’ అంటాడు. ఆ రోజు కూడా అన్నాడు. నాన్న నవ్వారు. నాన్న నవ్వడం నేను చూసింది అదే ఆఖరుసారి. మంగళవారం తెల్లవారుతుండగా వెళ్ళిపోయారు.

ఆ హడావిడిలో ఆ అన్నయ్య ఫోన్ నంబరు తీసుకోలేదు. వాళ్ళమ్మగారికి తొంటి ఎముక ఆపరేషన్ అయింది, మేము వచ్చేసేటప్పటికి ఇంకా అక్కడే ఉన్నారు. టెక్కలి వైపు వాళ్ళెవరైనా ఇది చదివి, ఈ మనిషెవరో పోల్చుకుంటే ఆయనకి చెప్పండి: మనవడు పాస్ అన్నాడని. అమ్మగారు లేచి నడుస్తున్నారా అని కూడా అడగండి.

ఆ మనవడంటే నాన్నకి ఎందుకంత ప్రాణమో చెప్పాలి. వాడు పుట్టిన ఇరవయ్యో రోజున తిత్లీ వచ్చింది. 2018 అక్టోబర్ 11, తెల్లవారుజాము. తుపాను పలాస దగ్గర తీరం దాటిందని తర్వాత తెలిసింది. మాకు తెలిసిందల్లా గాలి హోరే. వంటింటి రేకులు లేచిపోయాయి. నాన్న తన పాత ఖాకీ రెయిన్‌కోటులో పసివాణ్ణి చుట్టి, మెట్లకింద మూలన కూర్చుని, తెల్లారేవరకు కదల్లేదు. నేను బాలింతని, వణికిపోతున్నాను. ‘నువ్వు పడుకో, డ్యూటీలో నేనున్నాను’ అన్నారు. గాలి తగ్గాక వాన, వాన వెనకాల మహేంద్రతనయ పొంగు. కరెంటు లేని ఆ రోజులన్నీ పిల్లాడు నాన్న గుండె మీదే పడుకున్నాడు. అప్పట్నుంచి వాడు మా బిడ్డ కాదు, ఆయన బిడ్డ.

మాకు చిన్నప్పుడు నాన్న దొరకలేదు. ఈ మాట నిష్ఠూరంగా అనడం లేదు. గుణుపురం, కాశీనగరం, మోహన, ఎక్కడ వేస్తే అక్కడ ఉండేవారు. మేము పర్లాకిమిడిలో చదువుకునేవాళ్ళం. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న రైలు అప్పట్లో ఉండేది, పర్లాకిమిడి రాజావారు 1900లో మా ఊరిదాకా వేయించిన లైను. సెలవు దొరికితే ఆ రైల్లో వచ్చి, ఒక పూట ఉండి, అదే రైల్లో వెళ్ళిపోయేవారు. 2006 మార్చిలో ఆర్.ఉదయగిరి మీద మావోయిస్టుల దాడి జరిగినప్పుడు నాన్న ఈ జిల్లాలోనే వేరే చోట డ్యూటీలో ఉన్నారు. రెండు రోజులు కబురు లేదు. అమ్మ వీధి గుమ్మం వదిలి లోపలికి రాలేదు. మూడో రోజు వచ్చి, బూట్లు విప్పి, గడ్డం గీసుకుని, అన్నం పెట్టమన్నారు. ఏమీ చెప్పలేదు, మేము అడగలేదు.

మాకు ఇవ్వలేకపోయిన సమయమంతా మనవడికి ఇచ్చారు. చిన్న రైలు 2004లో ఆపేశారు కదా, పెద్ద లైను వచ్చాక సాయంత్రం వాణ్ణి సైకిలు ముందు కూర్చోబెట్టుకుని స్టేషనుకి తీసుకెళ్ళి గుణుపురం బండి చూపించేవారు. వాడి బడిలో ఒడియా, ఇంగ్లీషు ఉన్నాయి గానీ తెలుగు లేదు. అందుకని రోజూ రాత్రి భోజనాలయ్యాక పాత పోలీసు డైరీల్లో మిగిలిపోయిన ఖాళీ పేజీల మీద అ ఆ లు దిద్దించేవారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పి, కొండల్లోకి పోయి సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారని, మన ఊళ్ళో ఉండి మన అక్షరం రాకపోతే ఎలాగని చెప్పేవారు. నాన్నకీ సవర బాగా వచ్చు. స్టేషనుకొచ్చిన సవర వాళ్ళు భయపడి నోరు విప్పకపోతే వాళ్ళ మాటల్లోనే పలకరించి, ముందు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చేవారట. ఇది నాన్న మాకెప్పుడూ చెప్పలేదు. ఆయన పోయిన ఐదో రోజున కొండ మీదనుంచి ఒక పెద్దాయన పసుపుకొమ్ముల మూట పట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

ఇక ఒక బాధ చెప్పుకోకపోతే నాకు ఊపిరాడదు.

నాన్న పోయిన పొద్దున, ఇంటికి తీసుకెళ్ళడానికి ఉచిత వాహనం అడిగితే రాష్ట్రం దాటదన్నారు. ఆంధ్రా వైపు సరిహద్దు ఊరు పాతపట్నం దాకా వస్తుందట, అక్కడ దించేస్తుందట, ఆపైన మమ్మల్నే చూసుకోమన్నారు. పాతపట్నానికీ మాకూ మధ్య ఎంత దూరమని? నాన్న సైకిలు మీద నీలమణి దుర్గమ్మ గుడికి వెళ్ళి, దర్శనం చేసుకుని, ఇంటికొచ్చి టిఫిను తినేవారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత అది. మా చుట్టాలు సగం ఆవల, సగం ఈవల. బతికున్నప్పుడు రోజుకి నాలుగుసార్లు దాటే గీతని, పోయాక దాటడానికి ఇంత యాతనా? చివరికి ప్రైవేటు బండికి 16,000 ఇచ్చాం. అంతకుముందు ఆసుపత్రి కౌంటర్‌లోనూ ఇదే. మా దగ్గరున్న కార్డు ఇక్కడ చెల్లదు, సాయంత్రంలోగా డబ్బు కట్టమన్నారు.

ఇప్పుడు అమ్మ పెన్షన్ దగ్గర ఇంకొకటి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కదా, సర్టిఫికెట్ విశాఖనుంచి వచ్చింది. అందులో ఇంటిపేరు ముందుంది, మనం రాసుకునే పద్ధతిలో. సర్వీసు పుస్తకంలో ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివర ఉంది. ఇద్దరూ ఒకే మనిషని రుజువేంటని అడిగారు. 36 ఏళ్ళు జీతం, ఆపైన ఇన్నేళ్ళు పెన్షన్ ఇచ్చింది ఎవరికి? పన్నెండో రోజు కూడా కాకముందు మా అమ్మ బొట్టు లేని ముఖంతో ఆ బల్ల ముందు నిలబడి, ‘ఆయనే బాబూ, ఆయనే’ అని చెప్పాల్సి వచ్చింది. కూర్చోమని ఒక్కరు కుర్చీ చూపించలేదు. అఫిడవిట్ చేయించాం, కాగితం ఇంకా తిరుగుతూనే ఉంది. సరిహద్దు ఊళ్ళలో ఇలా రెండు పేర్లతో తిరిగే కుటుంబాలు వందలున్నాయి. ఎవరైనా పైవాళ్ళు ఇది చదివితే కాస్త ఆలోచించండి.

తమ్ముడు, మరదలు, మా ఆయన, పిన్ని వాళ్ళు అందరూ పక్కనే ఉన్నారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మహేంద్రతనయ ఒడ్డుకి వచ్చి నాన్నని మోసిన పాత సహోద్యోగులకి, ముఖ్యంగా మోకాళ్ళ నొప్పితోనే చివరిదాకా నడిచిన ఆ ఇద్దరు పెద్దవాళ్ళకి నమస్కారాలు. కర్మ అయ్యేవరకు మా ఇంట్లో పొయ్యి వెలిగించకుండా రెండు పూటలా అన్నం, పప్పు, అరటికాయ కూర పంపిన ఎదురింటి మావుసీకి ఏమిచ్చి ఋణం తీర్చుకోను?

అయ్యో, మీసం కత్తిరించడానికి కత్తెర ఇచ్చిన నైట్ డ్యూటీ నర్సమ్మ గురించి రాయలేదు. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకోకపోతే ఆ పొద్దున గడ్డం గీయడమే కుదిరేది కాదు.

పిల్లల్ని వార్డులోకి రానివ్వకూడదన్నది నియమం. గేటు దగ్గర సెక్యూరిటీ ఆవిడ మావాడి చెయ్యి పట్టుకుని తనే మంచం దాకా తీసుకొచ్చింది. ఆవిడకి కూడా.

పసుపు తెచ్చిన పెద్దాయన పేరు అడగడం మర్చిపోయాం. అన్నం తినమంటే తినలేదు, మజ్జిగ మాత్రం తాగి వెళ్ళారు.

ఇంకా, ప్రైవేటు బండి డ్రైవరు. డబ్బు యజమాని తీసుకున్నాడు గానీ, పాతపట్నం వచ్చాక ఈ అబ్బాయి తనంతట తనే బండి నెమ్మది చేసి, ‘గుడి ఇటే కదమ్మా’ అని దుర్గమ్మ వైపు ఒక్క నిమిషం ఆపాడు. నాన్న సంగతి దారిలో మేము మాట్లాడుకుంటుంటే విన్నాడట.