కాకులు ఎందుకు వచ్చాయో చెప్పని సినిమా

చిరంజీవి మేఘనకు నాన్న ఆశీర్వదించి రాసేది,

ఎడిటింగ్ తరగతిలో హిచ్‌కాక్ తీసిన ‘ది బర్డ్స్’ చూపించారనీ, చాలాసేపు అందులో ఏమీ జరగనే లేదనీ, కొన్ని చోట్ల పక్షులు తెర మీద అతికించినట్టు కనిపించాయనీ, అరవై ఏళ్లు దాటినా జనం దాన్ని ఎందుకు తలచుకుంటున్నారో తెలియలేదనీ మొన్న ఫోనులో అన్నావు. ఫోనులో తెమిలే సంగతి కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను. పక్షులు ఉన్నట్టుండి ఒక ఊరి జనం మీద దాడి చేసే కథ అది. 1963లో వచ్చిన ఆ సినిమాలో అతుకులు కనిపించే మాట నిజమే. అయితే అందులోని భయమంతా కట్ ఎక్కడ పడింది, చప్పుడు ఎక్కడ ఆగింది అన్నదాని మీదే నిలబడి ఉంది. అది నువ్వు నేర్చుకుంటున్న విద్యే కనుక ఇంత వివరంగా రాయాలనిపించింది.

బడి దగ్గరి సన్నివేశం మరోసారి వేసుకుని చూడు. కథానాయిక మెలనీ బడి బయట బెంచీ మీద కూర్చుని సిగరెట్ వెలిగిస్తుంది. లోపల పిల్లలు ఒక పాట పాడుతూ ఉంటారు; అది ఎంతకీ ముగియని పాట, చరణం తర్వాత చరణం వస్తూనే ఉంటుంది. ఆమె వెనక ఆటస్థలంలో పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనుప కమ్మీల చట్రం మీద ఒక కాకి వచ్చి వాలుతుంది. మళ్లీ ఆమె ముఖం; మళ్లీ చట్రం, ఈసారి ఇంకొన్ని కాకులు. మనకు కనిపిస్తున్నది ఆమెకు కనిపించదు. ఇలా కొన్నిసార్లు అటూ ఇటూ తిప్పాక, దర్శకుడు చట్రాన్ని చూపించడం పూర్తిగా మానేసి, ఆమె సిగరెట్ కాల్చడాన్నే కట్ లేకుండా చాలాసేపు చూపిస్తాడు. వెనక ఏం జరుగుతున్నదో చూడాలని మన ప్రాణం కొట్టుకుంటుంది కానీ అతడు చూడనివ్వడు. చివరికి ఆమె తలెత్తి ఆకాశంలో ఒంటరిగా ఎగురుతున్న ఒక కాకిని చూసి, దాని వెంటే చూపు తిప్పి, అది వాలిన చోట చట్రం నిండా నల్లగా కమ్ముకున్న కాకులను చూస్తుంది. అక్కడున్నవన్నీ ప్రాణమున్న పక్షులు కావు, బొమ్మలు కూడా కలిపారు. అయినా ఆ క్షణంలో బొమ్మ ఏదో, పక్షి ఏదో వెతికే తీరిక ఎవరికీ ఉండదు, ఎందుకంటే ఆ చట్రాన్ని అప్పటికే మన ఊహ నింపేసి ఉంటుంది. ఎడిటర్ జార్జ్ తొమాసినీ పనితనాన్ని తెలుసుకోవడానికి ఆ ఒక్క ఘట్టం చాలు.

ఈ సినిమాకు మనం అనుకునే రీరికార్డింగ్ లేదు. ఎక్కడ ఉలిక్కిపడాలో వాద్యాలు ముందుగా చెప్పి పెట్టవు. బెర్లిన్‌లో ఆస్కార్ జాలా ట్రౌటోనియం అనే విద్యుత్ వాద్యం మీద పక్షుల అరుపులను, రెక్కల చప్పుడును పుట్టించాడు. రెమీ గాస్‌మన్ ఆయనతో కలిసి పనిచేశాడు. హిచ్‌కాక్ సినిమాలకు గొప్ప సంగీతం కూర్చిన బెర్నార్డ్ హెర్మన్ ఈసారి ఒక్క స్వరమూ కట్టకుండా ధ్వని సలహాదారుగా ఉండిపోయాడు. అంత పేరున్న సంగీత దర్శకుణ్ణి పక్కన పెట్టుకుని కూడా సంగీతం వద్దనుకోవడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు. ప్రతి ఘట్టాన్నీ డప్పులతో నింపే మన సస్పెన్స్ సినిమాలు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది.

మొదటి అరగంట గురించి నువ్వన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. మెలనీ ప్రేమపక్షుల జంటను పంజరంలో పెట్టుకుని ఒక యువకుడి కోసం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బొడెగా బే అనే చిన్న రేవు ఊరికి రావడం, కొడుకు తన చేయి జారిపోతాడేమోనని ఆ యువకుడి తల్లి లిడియా బెంగపడడం, ఇవన్నీ నెమ్మదిగానే సాగుతాయి. ఆ నెమ్మది వల్లనే తర్వాత లిడియా భయం మనదవుతుంది. పొగగూటి గుండా పిచ్చుకలు ఇంట్లోకి చొరబడి పోయిన తర్వాత, ఆమె ఏమీ మాట్లాడకుండా పగిలిన కప్పుల ముక్కలు ఏరుతూ ఉంటుంది. మర్నాడు పొరుగు రైతు ఇంటికి వెళ్లి పిలిస్తే ఎవరూ పలకరు. వంటింట్లో కొక్కేలకు కప్పుల పిడులు మాత్రమే వేలాడుతూ కనిపిస్తాయి. అవి చూడగానే ఆమెకూ మనకూ ఒకేసారి అర్థమవుతుంది. ఆ తర్వాత గదిలో కళ్లు పొడుచుకుపోయిన శవాన్ని మూడే కట్‌లలో, ఏ చప్పుడూ లేకుండా, ఒకదాని కంటే ఒకటి దగ్గరగా చూపిస్తారు. ఆమె బయటికి పరుగెత్తి వచ్చి నోరు తెరుస్తుంది గాని గొంతు పెగలదు. ఆమె వేయలేని కేక వెనక్కి దూసుకుపోయే ట్రక్కు ఇంజన్ మోతలో వినిపిస్తుంది.

ఇక పక్షులు ఎందుకు దాడి చేశాయన్న ప్రశ్న. హోటల్లో జనం వాదించుకుంటారు: పక్షిశాస్త్రం తెలిసిన ముసలావిడ వేర్వేరు జాతుల పక్షులు కలిసి ఎగరవంటుంది, ఒక తాగుబోతు ప్రళయం వచ్చిందంటాడు, బెదిరిపోయిన ఒక తల్లి ఇదంతా మెలనీ వల్లే వచ్చిందని వేలు చూపిస్తుంది. సినిమా ఎవరి పక్షమూ వహించదు. దీనికి ఆధారమైన డాఫ్నీ డ్యు మోరియర్ కథ 1952లో వెలువడింది, అది ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో జరుగుతుంది. 1961 ఆగస్టులో కాలిఫోర్నియాలోని కాపిటోలా తీరాన సముద్రపక్షులు గుంపులుగా వచ్చి ఇళ్లకు కొట్టుకుని పడిపోయిన వార్త హిచ్‌కాక్ దృష్టికి వచ్చింది. సముద్రంలోని ఒక రకం సూక్ష్మజీవుల విషం చేపల ద్వారా వాటికి ఎక్కి ఉండవచ్చని, ఆనాటి నమూనాలను పరీక్షించిన శాస్త్రవేత్తలు ఐదు దశాబ్దాల తర్వాత తేల్చారు. ఆ ఘటనకు కారణం దొరికినా సినిమా భయం తగ్గలేదు, ఎందుకంటే అది ఏ కారణాన్నీ ఆసరా చేసుకోలేదు. పితృదేవతల పేరు చెప్పి కాకికి పిండం పెట్టే మన ఇళ్లలో, ఆ పక్షే మన మీద తిరగబడడం మరింత లోతుగా తగులుతుందని నాకు అనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను ఈ సినిమాను సమర్థించను. పై అంతస్తు గదిలో దాడికి యంత్రపు పక్షులు వాడతామని చెప్పి, మెలనీగా నటించిన టిప్పీ హెడ్రెన్ మీదికి రోజుల తరబడి బతికున్న పక్షులను విసిరించారు. కంటి దగ్గర గాయమై, వైద్యుడు విశ్రాంతి అవసరమని చెప్పే దాకా ఆ షూటింగ్ సాగింది. దర్శకుడు తనను వేధించాడని కూడా ఆమె తర్వాత బహిరంగంగా చెప్పింది. తెర మీద కనిపించే ఆ బెదురులో కొంత నటన కాదు. నీ ఎడిటింగ్ టేబుల్ మీదికి అలాంటి షాట్ వచ్చిన రోజున, అది ఎలా తీశారని అడగడానికి జంకవద్దు. బడి ఘట్టంలో ఎవరినీ గాయపరచకుండా అంతకంటే పెద్ద భయం పుట్టించిన మనిషికి ఆ క్రూరత్వం అవసరమే లేదు.

ముగింపు కూడా మరోసారి చూడు. తెల్లవారుజామున వేల పక్షుల మధ్య నుంచి కారు మెల్లగా సాగిపోతుంది. ఎన్నో ముక్కలు కలిపి చేసిన షాట్ అది. ‘సమాప్తం’ అన్న అక్షరాలు పడవు. పక్షుల సన్నని సద్దు తప్ప మరే మోతా లేదు కనుక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. బడి ఘట్టంలో ఏ షాట్‌ను ఎంతసేపు ఉంచారో కాగితం మీద వేసుకుని నాకు పంపు; సెలవుల్లో వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ఒక్కో కట్ దగ్గర ఆపి చూద్దాం.

అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. వేళకు తిను.

ఇట్లు,
నీ నాన్న