సదస్సులో వెనుక వరుస నుంచి వచ్చిన ఒక ప్రశ్న: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

నేను అనంతపురంలో ఉండే విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పాను. విశ్వవిద్యాలయాల్లో ఇంధనం, పర్యావరణం మీద సదస్సు గానీ ప్రత్యేక ఉపన్యాసం గానీ జరుగుతోందని తెలిస్తే వెళ్లి వెనుక వరుసలో కూర్చోవడం ఉద్యోగ విరమణ తర్వాత నాకు మిగిలిన వ్యసనం. ఆ వెనుక వరుసలో నా పక్కన కూర్చున్న ఒక రైతుకు ఎదురైన అనుభవాన్ని, దాని వెంట నాలో రేగిన ఆలోచనలను మీ ముందు పెట్టడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఈ ప్రాంతం గురించి రెండు మాటలు. పడమటి కనుమల చాటున ఉండి నైరుతి మేఘాలకు దూరమై, తూర్పు తీరానికి అందనంత లోపల ఉండి ఈశాన్య వానలకూ దూరమైన అనంతపురంలో సాలీనా సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. వాన తక్కువ కావడం రైతుకు శాపమైతే, ఎండా గాలీ ఎక్కువ కావడం విద్యుత్ కంపెనీలకు వరమైంది. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు తిరిగాయి. ఎన్.పి.కుంటలో ఎన్టీపీసీ వారి 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2016లో పనిచేయడం మొదలుపెట్టింది. కర్నూలు వైపు గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు (మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేది) చేపట్టారు. దేశానికి స్వచ్ఛమైన కరెంటు ఇచ్చే ప్రయోగశాలగా రాయలసీమ మారిందంటే అది అతిశయోక్తి కాదు. ఇదే గడ్డ మీద శ్రీకృష్ణదేవరాయ, జేఎన్టీయూ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు, 2018 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా ఉన్నాయి. ప్రయోగశాలా ఇక్కడే, పరిశోధకులూ ఇక్కడే. వారికీ ఈ సోలార్ పలకల పక్కన, గాలిమరల కింద బతుకుతున్నవారికీ మధ్య మాట మాత్రం లేదు.

కొంతకాలం క్రితం ఒక విశ్వవిద్యాలయంలో పునరుత్పాదక ఇంధనం మీద రెండు రోజుల జాతీయ సదస్సు జరిగింది. అది ఏ విశ్వవిద్యాలయమో ఇక్కడ అనవసరం, ఎందుకంటే నేను చూసిన సదస్సుల్లో చాలావరకు ఇదే తీరున నడిచాయి. ఉరవకొండ వైపు నల్లరేగడి భూమిలో పప్పుశెనగ పండించే నా పూర్వ విద్యార్థి ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన పొలానికి కూతవేటు దూరంలో గాలిమరలు ఉన్నాయి. పది గంటలకు అన్న ప్రారంభోత్సవం ముఖ్య అతిథి రాక కోసం ఆగి పదకొండున్నరకు మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, శాలువాలు, జ్ఞాపికలు, సావనీరు ఆవిష్కరణ ముగిసేసరికి భోజనాల వేళైంది. మధ్యాహ్నం ఒక్కో పత్రానికి ఏడు నిమిషాల చొప్పున ఇంగ్లీషులో చదువుకుంటూ పోయారు. సాయంత్రం చివర్లో, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అధ్యక్షులు అడిగినప్పుడు మా రైతు లేచి నిలబడి, "సార్, ఈ గాలిమరలు వచ్చినప్పటి నుంచి మా కాడ తెల్లారుజామున మంచు తగ్గినట్లుంది. పప్పుశెనగకి ఆ మంచే ఆధారం. ఇది వీటివల్లనా, కాలం మారడం వల్లనా, మీరే చెప్పల్ల" అని అడిగాడు.

హాలులో సన్నగా నవ్వులు వినిపించాయి. వేదిక మీదివారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇది సదస్సు అంశంలోకి రాదని, సమయం మించిపోయిందని, టీ తర్వాత విడిగా మాట్లాడుకుందామని సెలవిచ్చారు. టీ తర్వాత సర్టిఫికెట్ల పంపిణీ జరిగింది. మా రైతుకు బస్సు వేళైంది.

మంత్రివర్యా, ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. గాలిమర రెక్కల వెనుక గాలి సుడులు తిరుగుతుంది. రాత్రివేళ నేల చల్లబడి, నేలకు దగ్గరి గాలి చల్లగా, దానికి కొంత పైన ఉన్న గాలి వెచ్చగా ఉండే సమయంలో ఈ సుడులు పైగాలిని కిందికి, కిందిగాలిని పైకి కలుపుతాయి. దానివల్ల నేల దగ్గర చల్లదనం తగ్గితే మంచూ తగ్గవచ్చు. అమెరికాలోని టెక్సాస్‌లో పెద్ద గాలిమరల క్షేత్రాల మీద ఉపగ్రహ కొలతలతో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం, రాత్రిపూట ఆ చోట్ల నేల ఉష్ణోగ్రత చుట్టుపక్కల కంటే కొద్దిగా పెరిగినట్లు చూపింది. అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులైతే 2010 నుంచి మొక్కజొన్న, సోయా చేలలో గాలిమరల ముందూ వెనుకా పరికరాలు నిలబెట్టి గాలి, వేడి, తేమ ఎలా మారుతున్నాయో కొలిచారు. అంటే మా ఉరవకొండ రైతు అడిగినదానికి అతి దగ్గరి ప్రశ్నను అక్కడ ఒక విశ్వవిద్యాలయం పరిశోధనగా చేపట్టింది. ఇక్కడ అదే ప్రశ్నకు నవ్వు జవాబైంది.

ఆ రైతు అనుమానం నిజమని నేను అనడం లేదు. టెక్సాస్ గాలి వేరు, ఉరవకొండ గాలి వేరు, మొక్కజొన్న వేరు, పప్పుశెనగ వేరు. అయోవాలో కనిపించిన తేడాలు కూడా స్వల్పమైనవే. మంచు తగ్గడానికి ఆ ఏడాది ఆకాశం మబ్బు పట్టి ఉండటమో, చలి ఆలస్యం కావడమో కారణమై ఉండవచ్చు. అయితే ఇది కొలిచి తేల్చవలసిన విషయం. నాలుగు ఉష్ణమాపకాలు, నాలుగు తేమ కొలిచే పరికరాలు, అక్టోబరు నుంచి జనవరి వరకు ఓపిక ఉన్న ఇద్దరు ఎమ్మెస్సీ విద్యార్థులు ఉంటే ఆ పని మొదలవుతుంది. ఒక సదస్సుకు కట్టే ఫ్లెక్సీల ఖర్చు, కొనే జ్ఞాపికల ఖర్చు కలిపితే ఆ పరికరాలు రావా అని వెనుక వరుసలో కూర్చున్న నాకు అనిపించింది.

ఇలాంటి ప్రశ్నలకు ఎవరూ జవాబు చెప్పకపోతే ఊళ్లలో పుకార్లే మిగులుతాయి. గాలిమరలు మబ్బులను చెదరగొట్టి వానలు రాకుండా చేస్తున్నాయన్న మాట మీరూ వినే ఉంటారు. వాన మేఘాలు మర రెక్కలకు అందనంత ఎత్తున నడుస్తాయని, వాటిని తెచ్చే రుతుపవనం వేల కిలోమీటర్ల మేర సాగే వ్యవస్థ అని, మరలు పుట్టకముందు కూడా అనంతపురం కరువు జిల్లానేనని పది నిమిషాల్లో తెలుగులో చెప్పి ఒప్పించవచ్చు. మబ్బుల విషయంలో రైతు పొరబడ్డాడు, మంచు విషయంలో సరైన ప్రశ్న వేశాడు. ఈ రెంటినీ విడదీసి చూపవలసింది విశ్వవిద్యాలయమే. అది ఊరుకుంటే రెండూ ఒకే గంపలో పడి, రెండూ మూఢనమ్మకాలుగానో రెండూ పరమ సత్యాలుగానో చలామణి అవుతాయి.

ఈ పరిస్థితికి ఆచార్యులను మాత్రమే తప్పు పట్టడం న్యాయం కాదు. నిధులు ఆలస్యంగా వస్తాయి. మార్చి 31లోగా లెక్క చూపాలి కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో సదస్సులు ముసురుకుంటాయి. పదోన్నతికి పత్ర సమర్పణలు లెక్కకొస్తాయి, విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌కు జరిపిన సదస్సుల సంఖ్య చూపాలి. ఏ ఊరి ప్రశ్నకు జవాబు చెప్పారన్నది ఏ పట్టికలోనూ పెద్దగా బరువు తూగదు. భర్తీ అయిన పోస్టుల కంటే ఖాళీ పోస్టులే ఎక్కువున్న విభాగాల్లో పనిచేసే అధ్యాపకుడు పట్టికలో ఉన్నదే చేస్తాడు. అందుకే ఈ లేఖ ఉపకులపతులకు కాక మీకు రాస్తున్నాను. పట్టికను మార్చగలిగేది ప్రభుత్వమే.

పరిశోధన రైతు దాకా చేరదని ఎవరైనా అంటే నేను కదిరి వైపు చూపిస్తాను. అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం తెచ్చిన వేరుశనగ రకాల పేర్లు మా జిల్లాలో చదువు రాని రైతు నోట కూడా వినిపిస్తాయి. కె-6 అంటే ఏమిటో, కదిరి లేపాక్షి అంటే ఏమిటో, ఏది ఎండకు ఓర్చుకుంటుందో ఆయన మీకు చెప్పగలడు. కిసాన్ మేళాల్లో శాస్త్రవేత్త చేనుగట్టున నిలబడి తెలుగులో మాట్లాడటం, రైతు వాదించడం, ఆ వాదనను శాస్త్రవేత్త వినడం ఏళ్ల తరబడి సాగినందువల్లనే అది సాధ్యమైంది. విత్తనం విషయంలో కుదిరిన సంగతి కరెంటు విషయంలో ఎందుకు కుదరదు?

అడగవలసిన ప్రశ్నలకు కొదవ లేదు. సోలార్ పలక మీద రాసే సామర్థ్యం దాని ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మన మే నెల ఎండలో పలక 60 డిగ్రీలు దాటుతుంది, ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. ఎండ ఎక్కువైతే కరెంటూ ఎక్కువే వస్తుందని ఇంటి మీద పలకలు పెట్టించుకుంటున్నవారికి ఈ సంగతి ఎవరు చెబుతున్నారు? పలకల మీది దుమ్ము కడగడానికి ఏ నీరు, ఎంత వాడుతున్నారు? కంచె పడిన బీడుల్లో ఇంతకుముందు మేసిన గొర్రెల మందలు ఇప్పుడు ఎటు పోతున్నాయి? పలకల కింద గడ్డి పెంచి గొర్రెలను మేపుకోనిస్తే ఇద్దరికీ లాభం కాదా? సుమారు పాతికేళ్ల ఆయుష్షు తీరాక ఆ పలకలను ఎక్కడ పారేస్తారు? 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ పలకలను చేర్చారు, కానీ ఆ మాట పలకల పక్క ఊళ్లకు చేరలేదు.

కర్నూలు సీమలో బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనబడటమే అరుదు. ఎగిరేటప్పుడు ఎదుటి తీగలను సరిగా చూడలేని ఆ పక్షికి కరెంటు తీగలు మృత్యుపాశాలని రాజస్థాన్, గుజరాత్ అనుభవం చెబుతోంది. కొత్త లైన్లు ఎటుగా వేయాలన్న చర్చ మన విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విభాగాల్లో, స్థానికుల సమక్షంలో జరగవద్దా? ఇక కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల రైతులు బోరు నీటి గురించి ఏళ్లుగా ఆందోళన చెబుతున్నారు. వారికి గని యాజమాన్యం చెప్పే లెక్క మీద నమ్మకం లేదు, బయటివారు చెప్పే లెక్కను యాజమాన్యం ఒప్పుకోదు. ఇరుపక్షాలూ తలవంచగల మధ్యవర్తి విశ్వవిద్యాలయం కాక మరెవరు?

నా విన్నపం పెద్దదేమీ కాదు. ప్రభుత్వ సొమ్ముతో ఇంధనం మీద, పర్యావరణం మీద జరిగే ప్రతి సదస్సులో కనీసం ఒక పూటను ఆ విషయంతో సంబంధమున్న మండల కేంద్రంలో, తెలుగులో జరపాలని ఆదేశించండి. ఆ పూట ఉపన్యాసాల కంటే ప్రశ్నలకే ఎక్కువ సమయం ఉండాలి. వచ్చిన ప్రశ్నలను ఒక రిజిస్టరులో రాసి, జవాబు తెలిసినవాటికి నెలలోపు నాలుగు పేజీల తెలుగు పత్రంగా అచ్చువేసి గ్రామ సచివాలయాల్లో, రైతు సేవా కేంద్రాల్లో, శాఖా గ్రంథాలయాల్లో ఉంచాలి. జవాబు తెలియని ప్రశ్నలే అసలు విలువైనవి. వాటిని ఎమ్మెస్సీ, ఎంటెక్ విద్యార్థులకు ప్రాజెక్టు అంశాలుగా ఇచ్చి, మరుసటి ఏడాది అదే ఊళ్లో ఫలితం చెప్పించాలి. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద విద్యాసంస్థలు గ్రామాలను దత్తత తీసుకుంటూనే ఉన్నాయి, కాబట్టి కొత్త పథకం పుట్టించవలసిన అవసరం కూడా లేదు. మరొక్కటి: భూమి, రాయితీలు పొందే విద్యుత్ సంస్థలు తమ ఆవరణలో కొలిచే గాలి, ఎండ, ఉష్ణోగ్రత, నీటి వాడకం లెక్కలను స్థానిక విశ్వవిద్యాలయాలకు ఇచ్చి తీరాలని ఒప్పందాల్లోనే రాయించండి. ఆ లెక్కలు లేకుండా పరిశోధకుడు ఎంత తెలివైనవాడైనా కంచె బయట నిలబడి ఊహించడమే మిగులుతుంది. సదస్సుకు ఏ సంస్థ అయినా విరాళం ఇస్తే ఆ సంగతి ఆహ్వాన పత్రిక మీద అచ్చులో కనిపించాలి.

ఇంగ్లీషు లేకుండా శాస్త్రం ఎలా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఇంగ్లీషును వదిలేయమని నేను అనడం లేదు, పత్రాలు ప్రపంచానికి చేరవలసిందే. కానీ తన పరిశోధనను ఉరవకొండ సంతలో పది మందికి తెలుగులో చెప్పలేని పరిశోధకుడు దాన్ని తానెంత అర్థం చేసుకున్నాడోనని, మూడు దశాబ్దాలు పాఠం చెప్పినవాడిగా నాకు అనుమానం. గాలిమర, బోరు, మంచు, గ్రిడ్డు, ఇన్వర్టరు, లోడు అన్న మాటలు మా రైతులకు కొత్తవి కావు. వారిది భాష తెలియని ఇబ్బంది కాదు, ఎవరూ పిలవని ఇబ్బంది.

సభ పెట్టే కాలం గురించి ఒక చిన్న మనవి. వేరుశనగ విత్తే జూన్, జూలై నెలల్లో పెడితే రైతు రాడు. పప్పుశెనగ విత్తి కొంచెం ఊపిరి పీల్చుకునే నవంబరు చివర, తెల్లవారుజామున మంచు పడే రోజుల్లో, మొదటి సభను ఉరవకొండలోనే పెట్టించండి. ఆ రోజు ఆ రైతును తీసుకువచ్చే బాధ్యత నాది. ఆయన ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
అనంతపురం.