భయపడాల్సిన చోట ధీమా, అక్కర్లేని చోట భయం

సంపాదకులకు నమస్కారం.

పుస్తకాల్లోంచి ఒక అధ్యాయం, పత్రికల్లోంచి ఒక వ్యాసం ఏరి, జెరాక్స్ తీయించి విద్యార్థులకు మెటీరియల్‌గా ఇవ్వడం అధ్యాపకులకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఈమధ్య కొన్ని కాలేజీల్లో దీనికి కాపీరైట్ టెన్షన్ పట్టుకుంది. ప్రచురణకర్త అనుమతి పత్రం జతచేస్తేనే బిల్లు పాస్ చేస్తామంటున్నారు. విదేశీ ప్రచురణకర్త నుంచి జవాబు వచ్చేసరికి సెమిస్టరే అయిపోతుంది.

నిజానికి ఈ గొడవ కోర్టుకెక్కి తేలింది కూడా. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోని రామేశ్వరి ఫోటోకాపీ సర్వీసెస్ మీద, ఢిల్లీ విశ్వవిద్యాలయం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. అప్పట్లో ఆ షాపు తీసుకున్నది పేజీకి 40 పైసలు. దావా వెనక్కి తీసుకోమని అమర్త్యసేన్ సహా పలువురు రచయితలే ప్రచురణకర్తలను కోరారు. 2016 సెప్టెంబరులో హైకోర్టు దావా కొట్టేసింది. డిసెంబరులో అప్పీలు విన్న డివిజన్ బెంచ్ కొన్ని అంశాలను మళ్లీ విచారించమన్నా, అసలు సంగతి స్పష్టంగానే చెప్పింది: కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఐ) ప్రకారం బోధనకు అవసరమైనంత మేరకు కాపీ తీసుకోవచ్చు. ఇన్ని పేజీలేనన్న లెక్కేమీ లేదు. 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా ఉపసంహరించుకున్నారు. ఢిల్లీ తీర్పుకు మన హైకోర్టులు కట్టుబడి ఉండాలని లేదు, నిజమే. కానీ చట్టం దేశమంతటికీ ఒకటే కదా.

నాకు బాధ కలిగించేది మరొకటి. తరగతి మెటీరియల్‌కు ఇంత భయపడేవాళ్లమే, అచ్చేసి అమ్మే తెలుగు పాఠ్య సంకలనాల దగ్గర మాత్రం ఎవరినీ అడగం. అక్కడ వర్తించే 52(1)(హెచ్) చాలా కఠినమైనది. సంకలనంలో ఎక్కువ భాగం కాపీరైట్ లేని రచనలే ఉండాలి, మిగతావి చిన్న భాగాలే కావాలి, ఒకే ప్రచురణకర్త ఒకే రచయితవి ఐదేళ్లలో రెండుకు మించి వేయకూడదు. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు, మరణం తర్వాత అరవై ఏళ్ల లెక్కన, 2043 చివరిదాకా హక్కులున్నాయి. ఇక బతికున్న కథకుల కథలు పూర్తిగా వేసుకుని కనీసం ఫోన్ కూడా చేయకపోతే ఏమనాలి? తన కథ పాఠంగా పెట్టారని ఒక విద్యార్థి చెబితే తెలుసుకున్న రచయిత నాకు తెలుసు. పెద్ద కంపెనీ అంటే వణుకు, మన రచయిత అంటే ‘ఏమంటాడులే’ అన్న ధీమా!

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు దీనిపై తెలుగులో ఒక సర్క్యులర్ ఇవ్వాలి. తరగతి వరకే పరిమితమైన మెటీరియల్‌కు అనుమతి అడగొద్దని కాలేజీలకు చెప్పాలి. సంకలనం అచ్చువేసేటప్పుడు రచయితకో, వారసులకో ముందుగా ఉత్తరం రాసి, పారితోషికం ఇచ్చితీరాలని పెట్టాలి. ఐదొందల కాపీలు అమ్ముకోవడమే గగనమైన చిన్న ప్రచురణకర్తల పుస్తకాన్ని అట్ట నుంచి అట్టదాకా స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడాన్ని కూడా అందులోనే ఆపాలి. వచ్చే విద్యా సంవత్సరం పుస్తకాలు ప్రెస్సుకు వెళ్లేలోపే ఈ సర్క్యులర్ రావాలి.

– ఒక డిగ్రీ కళాశాల తెలుగు అధ్యాపకురాలు, గుంటూరు