అంకణాల లెక్క, అరుగు సంగతి

రేయ్ శీనా,

నువ్వు చెప్పిన ప్లాటు ఆదివారం చూసొచ్చా. 30 అంకణాలు. హైదరాబాదులో గజాలకు అలవాటు పడ్డావు గదా, మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. మొత్తం 240 గజాలు. ఈస్ట్ ఫేసింగే, అమ్మకు నచ్చుతుంది.

అప్రూవల్ ఉంది. 40 అడుగుల రోడ్లు. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి కాబట్టి పార్కూ వదిలారు. ఎక్కడో తెలుసా? చిట్టచివర, ప్లాటుగా అమ్ముడుపోని మూడు మూలల ముక్క. కంచె, గేటు, గేటుకు తాళం. లోపల చిల్లచెట్లు. ఇళ్లు కట్టుకున్నది ఐదారుగురే. ఒకాయన్ని కదిలిస్తే, "ఆ చివరింటోళ్ల పేరు తెలీదు సార్, కారు తెలుసు" అన్నాడు!

మన మూలాపేట వీధిలో ఆటో దూరాలంటే స్కూటర్లు జరపాలి. పార్కు మాటే లేదు. ఉన్నదల్లా మీ తాత అరుగు. గోడవారన రెండడుగుల గచ్చు, అంతే గదా. పొద్దున ఆయన ఆకువక్క, పేపరు. మధ్యాహ్నం ఆడోళ్లు బియ్యం ఏరుకునేది అక్కడే. సాయంత్రం ట్యూషన్ ఎగ్గొట్టి మనం. ఎవరింట్లో జ్వరమో, ఎవరికి సంబంధం కుదిరిందో అన్నీ ఆ గచ్చు మీదే తెలిసేవి. ఆ ఇల్లు కొన్నవాళ్లు పోయిన వేసవిలో దాన్ని కొట్టేసి కారుకు ర్యాంపు పోశారు. ఏటవాలుగా ఉంటే ఎవడు కూర్చుంటాడు, జారిపోడూ? ఇప్పుడు ముసలోళ్లంతా టిఫిన్ బండి పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో చేరుతున్నారు. దోసె తినకపోతే బండాయన మొహం మాడ్చుకుంటాడు పాపం.

అసలు టెన్షన్ ఇంకోటి ఉంది. ప్లాటున్న నేల మాగాణి. గ్రావెల్ తోలి ఎత్తు చేశారు. పక్క చేలో ఇంకా వరి ఉంది. పంటకాలవ సరిగ్గా లేఅవుట్ గోడ దాకా వచ్చి ఆగిపోయింది. ఎటు పోయిందయ్యా అంటే, "అది పాత కాలవ సార్" అన్నాడు మేనేజరు. నీళ్లకు ఆ సంగతి చెప్పారో లేదో! 2021 నవంబరులో పెన్నమ్మ ఏటి ఒడ్డు కాలనీల్లోకి ఎలా వచ్చిందో నీకు ఫోన్లో చెప్పా గదా.

అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వొద్దు. ముందు ఎఫ్‌ఎంబీ, అదే సర్వేవాళ్ల పొలం కొలతల పటం, అడుగు, కాలవ ఎటు పారేదో అందులో గీసి ఉంటుంది. మనకు అసలు వానలు కార్తీకంలోనే గాబట్టి అప్పుడోసారి రా, ఇద్దరం గొడుగేసుకుని చూసొద్దాం. అమ్మను మాత్రం మూలాపేట వైపు తీసుకురాకు. అరుగు కొట్టేశారని ఆమెకు నేనింకా చెప్పలేదు.

నీ
రమణ