గెజెరు చూశాక, కాలువ పక్క ఎకరం గురించి

నాన్నగారికి, అమ్మకు వందనాలు.

పక్క ఊరి అమ్మాయి సెలవు మీద వస్తోంది. ఆమె చేత ఈ ఉత్తరం, బాబుకి బూట్లు, అమ్మకు మోకాళ్ళ నొప్పుల మందు పంపుతున్నాను. మందు ఒంటికే పూసుకోవాలి, వీధిలో అందరికీ పంచిపెట్టకూడదని అమ్మకు గట్టిగా చెప్పండి.

పని ఎప్పటిలాగే ఉంది. నేను చూసుకునే పెద్దావిడకు చలికాలంలో పట్టుకున్న దగ్గు తగ్గింది. డబ్బు పంపాను, ముందు సొసైటీ బాకీ కట్టేయండి. టీవీలో చూపించేవన్నీ మా వీధిలోనే జరుగుతున్నట్టు బెంగపెట్టుకోకండి. ఇంట్లోనే గట్టి గోడల గది ఒకటి ఉంది. సైరను మోగితే పెద్దావిడను కుర్చీతో సహా అందులోకి తోసుకెళ్ళి తలుపు వేస్తాను, అంతే. నన్ను వచ్చేయమని ఊళ్ళో వాళ్ళు అంటున్నారట. వాళ్ళేమైనా బాబు ఫీజు కడతారా? అమ్మ రాత్రుళ్ళు మేలుకుని ప్రార్థన చేస్తే సంతోషమే, కానీ బీపీ మాత్ర మానకూడదు.

శ్రమల దినాల కూడికల్లో అందరూ నేను యెరూషలేము చూశానా, యొర్దాను నీళ్ళు పంపుతానా అని అడుగుతున్నారని అమ్మ చెప్పింది. నీళ్ళు ఇంకోసారి పంపుతాను. పోయిన శనివారం నేను చూసిన ఊరి గురించి మాత్రం అక్కడ ఎవరూ అడగరు. గెజెరు. అమ్మా, రాజుల మొదటి గ్రంథం తొమ్మిదో అధ్యాయం తీసి చూడు. మన వైపు నుంచి వచ్చే యాత్ర బస్సులు ఆ దరిదాపుల్లోంచే యెరూషలేముకు పోతాయి, ఒక్కటీ ఆగదు.

పెద్దావిడ కొడుకు బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. ఆయనే తీసుకెళ్ళాడు. రమ్లా దాటాక గోధుమ చేల మధ్య మట్టిదారి. ఆవిడ కారులోనే కునుకు తీసింది. ఇప్పుడక్కడ ఊరు లేదు. ముప్ఫై ఎకరాల పైచిలుకు దిబ్బ, దాని నిండా గడ్డి, ఎర్ర పూలు. పైకి ఎక్కితే టెల్ అవీవ్ మేడలు కనిపిస్తాయి. ఐగుప్తు నుంచి సిరియాకు పోయే పాత దారి, యెరూషలేముకు ఎక్కే దారి ఆ కిందనే కలుస్తాయట. రాజులందరి కన్నూ ఆ ఊరి మీద పడింది అందుకే.

ఊరి గుమ్మం మిగిలే ఉంది నాన్నగారూ. నడవకు అటు మూడు, ఇటు మూడు గదులు, మధ్యలో మురుగుకాలువ. గదుల్లో గోడలను ఆనుకుని మూడు వైపులా రాతి అరుగులు. రూతు కథలో పెద్దలు గుమ్మం దగ్గర కూర్చుని పొలం తగవు తీర్చారు చూడండి, అలాంటి చోటే. ఒక అరుగు మీద కాసేపు కూర్చున్నాను. గుమ్మం సొలొమోను కట్టించిందేనని ఒక వర్గం, కాదు ఇంకా తర్వాతిదని ఇంకో వర్గం వాదించుకుంటున్నారట. దాన్ని దాటి వెళితే పది నిలువురాళ్ళు వరుసగా ఉన్నాయి, సొలొమోను కంటే ఎంతో పాతవి. కొన్ని నాకంటే చాలా ఎత్తు.

ఇశ్రాయేలీయులు గెజెరులోని కనానీయులను వెళ్ళగొట్టలేకపోయారని యెహోషువలోనే ఉంది కదా. తర్వాత ఫరో దండెత్తి వచ్చి, ఊరు తగలబెట్టి, అందులో ఉన్న కనానీయులను చంపి, సొలొమోనును పెళ్ళాడిన తన కూతురికి ఆ ఊరిని కట్నంగా ఇచ్చాడు. సొలొమోను జ్ఞానం మీద మనం ఎన్ని ప్రసంగాలు వినలేదు? ఈ వచనం మీద ఒక్కటి విన్న గుర్తు లేదు. ఊరు కూతురికి ఇచ్చినట్టే రాశారు. ఆ పక్క వచనంలో దాన్ని కట్టించింది సొలొమోను, కట్టింది వెట్టివాళ్ళు. ఆ అమ్మాయి తన కట్నపు ఊరిని కళ్ళతో చూసిందని కూడా ఎక్కడా లేదు. ఆమె పేరే రాయలేదు, ఫరో కుమార్తె అని ఊరుకున్నారు. దిబ్బ మీద నిలబడి ఆయన చెబుతుంటే నాకు చెల్లి మొహమే కళ్ళ ముందు మెదిలింది.

ఎందుకు రాస్తున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఫోనులో ఈ మాట ఎత్తితే మీరు ఫోను అమ్మ చేతికి ఇచ్చేస్తున్నారు. చెల్లికి వచ్చిన సంబంధం మంచిదే, నేను కాదనను. అబ్బాయికి ఏ దురలవాటూ లేదని అత్తయ్య కూడా చెప్పింది. కట్నం అన్న మాట నోట రానీయకుండా "మీ అమ్మాయికి మీరు పెట్టుకునేదే కదండీ" అంటున్నారట. 1961 నుంచి చట్టం ఉంది, ఆ మాట వాళ్ళెందుకు అంటారు? అమ్మాయికి పెట్టుకునేదే అయితే కాలువ పక్క ఎకరం అబ్బాయి పేర ఎందుకు రిజిస్టరు చేయాలి? ఇదొక్కటీ అడగండి.

నా పెళ్ళికి చెరువు కింద అర ఎకరం పోయింది. మిమ్మల్ని అనడం లేదు నాన్నగారూ, అప్పటి పరిస్థితి అలాంటిది. ఆ డబ్బు ఏమైందో, ఆయన ఎక్కడున్నాడో మళ్ళీ తవ్వుకోవడం ఎందుకు.

బాబు లెక్కల్లో వెనకబడ్డాడని మాస్టారు అన్నారట. కొట్టకుండా చెప్పమనండి. వాడు భయపడితే వచ్చింది కూడా మరిచిపోతాడు.

మీకు నచ్చే సంగతి ఒకటి ఉంది. 1908లో మెకాలిస్టర్ అనే ఐర్లండు ఆయన ఆ దిబ్బ తవ్విస్తుంటే అరచేతిలో పట్టేంత సున్నపురాయి పలక దొరికింది. సుమారు మూడు వేల ఏళ్ళ నాటిది. అప్పుడు ఈ దేశం తుర్కుల ఏలుబడిలో ఉండేది, అందుకే పలక ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. పెద్దావిడ కొడుకు ఫోటో చూపించాడు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, ఏ పిల్లవాడో అభ్యాసానికి చెక్కి ఉంటాడని కొందరి ఊహ. అందులో ఉన్నది సేద్యం లెక్క. పంట కూర్చుకోవడానికి రెండు నెలలు, విత్తడానికి రెండు, వెనక విత్తనాలకు రెండు, నార తీసే అవిసె కోతకు ఒకటి, యవల కోతకు ఒకటి, మిగతా కోత కోసి కొలుచుకోవడానికి ఒకటి, ద్రాక్షతోట పనికి రెండు, వేసవి పండ్లకు ఒకటి. రాజు లేడు, ఫరో లేడు. వసారా గోడ మీద మీరు బొగ్గుతో వేసే సార్వా, దాళ్వా లెక్కలు గుర్తొచ్చి అక్కడే కళ్ళు తుడుచుకున్నాను. ఆయన ఎండ పడక అనుకున్నాడు. యవల కోత ఇక్కడ ఏప్రిల్‌లో వస్తుంది. మన దాళ్వా కోతలూ అప్పుడే కదా, యంత్రానికి ముందే చెప్పి పెట్టండి. గాలివాన వస్తే చేను పడిపోతుంది.

ఇంకొకటి, నవ్వుకోండి. మోషే ధర్మశాస్త్రం కంటే ముందో వెనకో గానీ, మూడు వేల మూడు వందల ఏళ్ళ కిందట గెజెరును ఏలిన యపహు అనే రాజు, తమ్ముడు తనకు ఎదురు తిరిగి శత్రువులతో చేరాడని ఫరోకు మట్టిపలక మీద ఉత్తరం రాసుకున్నాడట. బాబాయి గుర్తొచ్చాడు. ఊరి చుట్టూ బండల మీద "గెజెరు హద్దు" అని హెబ్రీలో చెక్కిన రాతలు కూడా ఉన్నాయి, పక్కనే గ్రీకులో అల్కియోసు అనే ఆసామి పేరు. 1874లో ఒక ఫ్రెంచి పండితుడికి అలాంటి రాత కనబడ్డాకే గెజెరు ఇదేనని తేలిపోయింది. మన హద్దురాయి ఎటు జరిగిందో కూడా సర్వేయరును పిలిపించి చూపించండి. పెళ్ళి హడావిడిలో పడితే ఇక తేలదు.

దిగేటప్పుడు ఒక పక్క నాగజెముడు పొదలు కనిపించాయి. ఆయన కాసేపు మాట్లాడలేదు. అక్కడ అబూ షూషా అనే అరబ్బు ఊరు ఉండేదని, 1948 యుద్ధంలో ఖాళీ అయిపోయిందని తర్వాత చెప్పాడు. నేను మరేమీ అడగలేదు.

చెల్లి ఏమంటోందో మీరెవరూ నాకు చెప్పడం లేదు. అది సిగ్గుపడి ఊరుకుంటే సరేనన్నట్టు కాదు. అమ్మా, నువ్వే ఒంటరిగా కూర్చోబెట్టి అడుగు.

సంబంధంవాళ్ళు ఈస్టరు అయ్యాక వస్తామన్నారు కదా. ఎకరం ఇవ్వాల్సి వస్తే చెల్లి పేరునే, పెళ్ళికి ముందే దస్తావేజు రాయించి ఇవ్వండి. దానికి ఒప్పుకోకపోతే కాఫీ ఇచ్చి సాగనంపండి. మీకు మొహమాటంగా ఉంటే ఫోను స్పీకరులో పెట్టండి, నేనే అడుగుతాను. ఆ రోజు పెద్దావిడ కొడుకును ఒక గంట ఇంట్లో ఉండమని చెప్పాను, ఒప్పుకున్నాడు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి