రామభద్రపురం జంక్షన్‌లో మా బండి తాళం లాక్కున్న పెద్దాయనకి థాంక్స్

మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు. తప్పులుంటే మన్నించండి. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయలేను.

శుక్రవారం సాయంత్రం విజయనగరం నుంచి సాలూరులో పెళ్లికి బయల్దేరాం. బండి మా నాన్నగారి 1984 ప్రీమియర్ పద్మిని కారు. మా ఇంట్లో ఇప్పటికీ ఫియట్ అనే అంటాం. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. రామభద్రపురం జంక్షన్‌లో టీకి ఆగాం. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు ముందు చక్రాలు చూసినట్టున్నారు, డెబ్భై దాటిన పెద్దాయనొకరు గ్లాసు పక్కనపెట్టి వచ్చి, "బావూ, ఓపాలి బండి కింద సూడొచ్చా?" అన్నారు.

సాలూరు లారీ షెడ్లలో యాభై ఏళ్లు పనిచేశారట. టార్చి పట్టుకుని ఆ మట్టిలోనే పడుకుని లోపలికి దూరారు. బయటికొచ్చి మాట్లాడకుండా తాళం తీసి జేబులో వేసుకున్నారు. నాకు కోపం వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవాలి.

కొంతకాలం కిందట పాత స్టీరింగ్ బాక్సులో ఆట (లూజు) ఎక్కువైందని ఒక గ్యారేజీలో తీయించేసి, దాని బదులు వేరే చిన్న కారు స్టీరింగ్ ర్యాక్ (చక్రాలని పక్కకి తోసే పళ్ల కడ్డీ) వేయించాను. ర్యాక్ వెడల్పు కుదరక టై రాడ్లు, అంటే స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీలు, కోసి, మధ్యలో వెల్డింగ్ పెట్టారు. స్టీరింగ్ తేలికైందని మురిసిపోయాను. గుంతలో పడితే బండి పక్కకి లాగేది. టైర్లనుకున్నాను.

పెద్దాయన జాకీ పెట్టి ముందు భాగం లేపారు, మెల్లగా దించారు. చక్రం ముక్కు దానంతటదే లోపలికి తిరిగింది. "స్టీరింగు నువ్వు పట్టుకోనేదు, నాను పట్టుకోనేదు. మరి సక్రం ఎవుడు తిప్పినాడు?" చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ ఊగే చోటు ఒకటి, టై రాడ్డు ఊగే చోటు ఇంకొకటి అయితే రెండూ చెరో దారి పడతాయట, మధ్యలో చక్రం తిరుగుతుందట. ఆ తరువాత వెల్డింగ్ మీద టార్చి వేశారు. అతుకు పక్కనే వెంట్రుకంత బీట. "కాల్సిన ఇనుముకి పేణం ఉండదు బావూ. ఇదే ఘాటీలో అయితే..." అని ఆగిపోయారు. వెనక సీట్లో మా చిన్నది నిద్రపోతోంది. నాకు కాళ్లు ఆడలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, టీ ఇంకొకటి చెప్పారు.

ఇంట్లోవాళ్లని ఆటో ఎక్కించి, బండిని తెలిసిన వ్యాను మీద వాళ్ల షెడ్డుకి తరలించింది కూడా ఆయనే. గోనెసంచిలో పడేసిన పాత బాక్సుని తమ్ముడు బస్సులో తెచ్చాడు. రెండు రోజులు దాని మీదే. విప్పి, కడిగి, బుష్షులు, ఆయిల్ సీలు మార్చి, ఆట తీసేశారు. ర్యాక్, వెల్డింగ్ రాడ్లు తీసేసి కొత్త టై రాడ్లు, వాటి ఎండ్లు (చివరి కీళ్లు) వేసే ముందు, కీలు కోన్‌కి దీపం మసి రాసి, అది చుట్టూతా ఆనిందో లేదో చూశారు. నట్టు బిగించాక, అది ఊడకుండా పెట్టే పిన్ను కన్నం కలవకపోతే నేను కొంచెం వదులు చేయబోయాను. చేతి మీద ఒక్కటి వేశారు. ముందుకే బిగించి కలపాలట, వెనక్కి తిప్పకూడదట. పాత పిన్ను మళ్లీ వాడకూడదట. సామాన్లకి 1,150 తప్ప రూపాయి పుచ్చుకోలేదు. రాత్రి వాళ్లింటి నుంచి నాకు కూడా క్యారేజీ వచ్చింది. పేరు రాయొద్దన్నారు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. 2024లో ఈ బండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిప్పారు. ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ రుద్దారు, హారన్ కొట్టించారు, నంబర్ ప్లేటు అక్షరాల సైజు బాగోలేదని వెనక్కి పంపారు. కిందికి వంగి చూసినవాడు ఒక్కడు లేడు. ఆ వెల్డింగ్ అప్పటికే ఉంది! అయినా ఇంకో ఐదేళ్లు తిరగొచ్చని ముద్ర పడింది. కోన్ మీద మసి రాసి చూసే మనిషికి ఏ కాగితమూ లేదు, టీ కొట్టు దగ్గర బెంచీ తప్ప.

మా ఆవిడకి, తమ్ముడికి వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు.

అన్నట్టు, పెద్దాయన దారం కట్టి టో (ముందు చక్రాల ముక్కులు ఎటు చూస్తున్నాయో) సరిచూశాక, దాన్నే మళ్లీ మెషీన్ మీద చూసి డబ్బులొద్దన్న టైరు షాపు కుర్రాడికి థాంక్స్. టీ కొట్టు అమ్మకి కూడా, పిల్లలకి బిస్కెట్లిచ్చింది. బండి తరలించిన వ్యాను తమ్ముడిని మరిచేపోయాను, క్షమించు. లేత్ షాపాయన ఆదివారం పూట షట్టర్ తీశారు, ఆయనకి కూడా.

ఇప్పుడే డాష్‌బోర్డులో చూశాను. పెద్దాయన టార్చి నా దగ్గరే ఉండిపోయింది. ఆదివారం తెచ్చిస్తాను.