బార కొలిచాకే స్వింగ్

చిన్నా,

నువ్వు పంపిన వీడియో చూశాను. గోల్ఫ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ స్వింగ్‌ని కాపీ కొడుతున్నావని చెప్పక్కర్లేదు, కనపడుతూనే ఉంది. చివర్లో "నడుం పట్టేస్తోంది" అని ఓ ముక్క రాశావు చూడు, అసలు సంగతి అదీ. రోజంతా కుర్చీలో కూర్చునే ఆరడుగుల మనిషివి. తుంటి బిగబట్టి భుజాలు మాత్రం తొంభై డిగ్రీలు తిప్పాలని చూస్తే, తుంటి ఇవ్వనిదంతా నడుం ఇవ్వాల్సి వస్తుంది. నడుం వెన్నుపూసలు మెలి తిరగడానికి కట్టినవి కావు. తిరగాల్సింది పైనున్న ఛాతీ భాగం, కిందున్న తుంటి కీళ్ళు.

చొక్కా కుట్టించుకోవాలన్నా ముందు కొలతలిస్తాం కదరా. ఈ ఆదివారం ప్రాక్టీసు రేంజ్‌కి వెళ్ళకు. టేపు, కుర్చీ, ఒక క్లబ్బు దగ్గర పెట్టుకో.

మొదట బార. గోడకు వీపు ఆనించి చేతులు చాచి, ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొస దాకా కొలువు. ఎత్తూ బారా ఇంచుమించు ఒకటే అయితే చింత లేదు. బార రెండు మూడు అంగుళాలు ఎక్కువైతే చేతులు కిందికి వేలాడతాయి, అట్టే వంగకుండానే బంతి అందుతుంది. ఎత్తు ఎక్కువై బార తక్కువైతే బాగా వంగాలి. వంగేకొద్దీ భుజాలు నిలువుగా తిరుగుతాయి. తర్వాత, బూట్లతో నిలబడి మణికట్టు మడత నుంచి నేల దాకా ఎంతుందో చూడు. ఈ కొలతనీ నీ ఎత్తునీ కలిపి చూసే క్లబ్బు పొడుగు, లై కోణం (క్లబ్బు కర్రకీ నేలకీ మధ్య వాలు) ఎంతుండాలో అంచనా వేస్తారు. లై మరీ పడుకున్నట్టుంటే బంతి కుడికి పోతుంది, మరీ నిలువుగా ఉంటే ఎడమకి. క్లబ్బు తప్పయితే దాన్ని సరిదిద్దడానికి ఒంటికి నేర్పేదంతా తప్పే అవుతుంది. అందుకే స్వింగ్ ముట్టుకునే ముందు ఇది తేల్చుకో.

రెండోది ఛాతీ. చదరపు టైల్స్ ఉన్న గదిలో కుర్చీ వేసుకుని, టైల్స్ గీతకు ఎదురుగా నిటారుగా కూర్చో. మోకాళ్ళు, పాదాలు దగ్గరగా ఉండాలి. క్లబ్బును ఛాతీకి అడ్డంగా పెట్టి, చేతులు దాని మీద కట్టుకుని కుడికి తిరుగు, తర్వాత ఎడమకి. టైల్ మూల నుంచి ఎదురు మూలకు పోయే ఐమూల గీతకి సమాంతరంగా క్లబ్బు వచ్చిందంటే 45 డిగ్రీలు, అది చాలు. రాకపోతే పొడుగు బ్యాక్‌స్వింగ్ మీద, అంటే క్లబ్బును బాగా వెనక్కి ఎత్తడం మీద, ఆశ వదులుకో. చేతుల్ని పైకి లాగి పొడుగు చేస్తావు, వెన్ను లక్ష్యం వైపు వాలిపోతుంది. గోల్ఫర్ల నడుం నొప్పికి ఇలా వాలడం పెద్ద కారణం.

మూడోది తుంటి. నీకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. ఎత్తైన బల్ల అంచున కాళ్ళు వేలాడేసి కూర్చో. మోకాలు కదలకుండా పాదాన్ని బయటికి ఊపు, అప్పుడు తుంటి లోపలికి తిరుగుతుంది. ఫోన్‌లో కోణం చూపించే లెవెల్ ఉంటుంది, దాన్ని పిక్కకి ఆనించి చదువు. ముప్పై అయిదు దాటితే మంచి కదలిక, పాతిక లోపయితే బిగుతు. రెండు కాళ్ళూ వేర్వేరుగా కొలువు, ఒకేలా ఉంటాయనుకోకు. కుడిచేతివాటం వాళ్ళకి బ్యాక్‌స్వింగ్‌లో కుడి తుంటి లోపలికి తిరగాలి, బంతి కొట్టేటప్పుడు ఎడమ తుంటి. కుడిది తిరక్కపోతే నడుం పక్కకి జరిగిపోతుంది. ఎడమది తిరక్కపోతే పిరుదులు బంతి వైపు దూసుకొచ్చి, వెన్ను నిటారైపోతుంది. నీ వీడియోలో ఆరో సెకనులో ఆపి చూడు, బంతిని తాకే వేళకి సరిగ్గా అదే జరుగుతోంది. చేతులకి చోటు చాలక మణికట్లు తిప్పేస్తున్నావు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి పోతోందంటే అందుకే.

మడమలు లేవకుండా గొంతుకు కూర్చోగలవా? లేస్తే మడమల కింద రెండు పుస్తకాలు పెట్టుకుని మళ్ళీ కూర్చో. ఇప్పుడు కూర్చోగలిగితే బిగుతు చీలమండల్లో ఉంది, అప్పటికీ కాకపోతే తుంటిలోనో నడుంలోనో. భుజానికి ఇంకొకటి: బంతి ముందు నిలబడ్డట్టు వంగి, కుడి మోచేతిని భుజం ఎత్తులో పక్కకి చాచి, తొంభైకి మడిచి, ముంజేతిని వెనక్కి తిప్పు. వెన్ను వంపుకి సమాంతరంగా కూడా రాకపోతే పైన మోచేయి బయటికి ఎగురుతుంది. దాన్ని బలవంతంగా దించబోకు, బ్యాక్‌స్వింగే కురచ చేసుకో.

ఇక స్వింగ్. తేడాలెన్నున్నా, మొత్తమ్మీద రెండు కుటుంబాలనుకో. ఒకదాంట్లో కొంచెం ఎక్కువ వంగి, బంతికి కాస్త దూరంగా నిలబడి, ఎడమ చెయ్యి భుజాల వాలులోనే తిరుగుతుంది, ఇది చదునైన స్వింగ్. కిందికొచ్చేటప్పుడు ఛాతీని ఆపకుండా, జోరుగా తిప్పాలి. రెండోదాంట్లో కొంచెం నిటారుగా నిలబడతారు, చేతులు భుజాల కంటే పైకి వెళ్తాయి, ఇది నిటారు స్వింగ్. అవి కిందికి దిగడానికి వ్యవధి కావాలి కాబట్టి ముందు బరువు ఎడమ కాలి మీదికి జరగాలి, ఛాతీ తర్వాత తిరగాలి. చాలామంది పాడయ్యేది ఈ రెండూ కలగలిపి. పైకి చేతులు లేపి, కిందికి మాత్రం ఛాతీని జోరుగా తిప్పితే క్లబ్బు బయటి నుంచి కోసుకుంటూ వస్తుంది, బంతి స్లైస్ అవుతుంది, అంటే కుడికి వంకర తిరిగిపోతుంది. కుడి చంక కింద హెడ్‌కవర్ (క్లబ్బు తలకి తొడిగే తొడుగు) ఇరికించి కొట్టమంటారు చూడు, అది మొదటి కుటుంబానికి మందు, రెండో కుటుంబానికి విషం. ఎవరికి చెబుతున్నారో చూడకుండా అందరికీ అదే చెబుతారు.

పొడుగ్గా ఉన్నవాళ్ళు నిటారు స్వింగే వెయ్యాలని ఎవరైనా అంటే నమ్మకు. మాట్ కూచర్ ఆరడుగుల నాలుగంగుళాలు, చదునైన స్వింగ్. ఎత్తు ఒక్కటే దేన్నీ తేల్చదు. జాన్ రామ్‌ది కురచ బ్యాక్‌స్వింగ్. పుట్టుకతో కుడి పాదం వంకర, ఆ కాలు దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు పొట్టి, చీలమండలో కదలిక తక్కువ. అందుకే పూర్తిగా తిప్పనని 2021లో తనే చెప్పాడు. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ గెలిచాడు. మన తెలుగువాళ్ళబ్బాయి సాహిత్ తీగలకి వెన్ను వంకర ఉంది, అతని స్వింగ్‌లో ఒరగడం ఎక్కువ. 2023లో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ ఆ స్వింగ్‌తోనే గెలిచాడు. జిమ్ ఫ్యూరిక్ క్లబ్బు పైన గింగిరాలు తిరిగొస్తుంది, చూస్తే నవ్వొస్తుంది. 2016లో ఒక రౌండు మొత్తం 58 దెబ్బల్లోనే ముగించాడు, నవ్వు ఆగిపోతుంది.

వీడియోని బట్టి నీకు నేను చెప్పేది ఇది. చేతులు నిటారు పద్ధతిలోనే ఉంచు, పొడుగు తగ్గించు. ఎడమ చెయ్యి నేలకి సమాంతరం దాటి కాస్త పైకి వెళ్తే చాలు. కుడి పాదం ముందువైపు పాతిక డిగ్రీలు బయటికి తిప్పి పెట్టు, ఎడమ పాదం ముప్పై. వెనక్కి తిరిగేటప్పుడు ఎడమ మడమ లేస్తే లేవనీ, తుంటిని తిరగనీ. జాక్ నిక్లాస్ మడమ ఎత్తే పద్దెనిమిది మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీలు) గెలిచాడు. మొదలుపెట్టే ముందు గడ్డం కొంచెం కుడికి తిప్పుకో, ఆయన అదీ చేసేవాడు. మెడ బిగుతుగా ఉన్నవాళ్ళు "తల కదపకు" అన్న మాట పట్టుకుంటే భుజాలు సగంలో ఆగిపోతాయి. దూరం ఒక క్లబ్బు మేర తగ్గుతుంది. తగ్గనీ. సెవెన్ ఐరన్ క్లబ్బు బదులు ఇంకాస్త దూరం కొట్టే సిక్స్ తియ్యి.

గ్రిప్ సంగతి పొట్టిగా చెప్తాను. చేతులు వదులుగా వేలాడేసి నిలబడి ఎడమ చెయ్యి చూసుకో, రెండు కణుపులు కనిపిస్తాయో మూడో. అలాగే పట్టుకో. వేళ్ళు పొట్టివైతే కుడి చిటికెన వేలూ ఎడమ చూపుడు వేలూ మెలేసుకో, లేకపోతే మామూలుగా పైన పెట్టుకుంటే చాలు.

పరీక్షించడానికి సెవెన్ ఐరన్‌తో నలభై బంతులు. పది పాత పద్ధతిలో, పది పాదాలు తిప్పి, పది స్వింగ్ కూడా కురచ చేసి, చివరి పది అన్నీ కలిపి మడమ లేపి. ఒకేసారి రెండు మార్చకు, దేనివల్ల బాగుపడిందో తెలీదు. క్లబ్బు ముఖం మీద పాదాల పౌడర్ స్ప్రే కొట్టు, బంతి ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది. పదింటిలో ఎన్ని మచ్చలు అగ్గిపెట్టె అంత చోట్లో పడ్డాయో లెక్కపెట్టు. దూరం చూడకు. రేంజ్‌లో మ్యాట్ మీద కొడుతున్నావు కాబట్టి బంతికి నాలుగంగుళాల వెనక ఓ తువ్వాలు మడిచి పెట్టు. వెనక నేల తగిలినా మ్యాట్ మీద క్లబ్బు జారిపోయి బంతి బాగానే పోతుంది, తువ్వాలు మాత్రం దాచదు. నడుం మధ్యలో పట్టేస్తే అక్కడే ఆపు. నొప్పి కాల్లోకి దిగినా, తిమ్మిరెక్కినా ముందు డాక్టరు.

కొలతలు రాసి పంపు: బార, మణికట్టు నుంచి నేల, ఛాతీ కుడి ఎడమ, తుంటి కుడి ఎడమ. వీడియోలు రెండు కావాలి, ఒకటి ఎదురుగా, ఒకటి వెనక నుంచి లక్ష్యం గీత వైపు. ఫోన్ నీ చేతుల ఎత్తులో ఉండాలి, ఈసారి నేల మీద పెట్టకు. కింద నుంచి తీస్తే ప్రతి స్వింగూ నిటారుగానే కనిపిస్తుంది.

అమ్మ